సవర గూడలో యవ్వనస్తుల కూడిక: ఫోన్-ఇన్

యాంకర్: పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట వైపు నుంచి ఒక శ్రోత. చెప్పండమ్మా.

శ్రోత: వందనాలు అయ్యగారూ. మాది సవర గిరిజనుల గూడ, చర్చిలో యవ్వనస్తుల కూడిక నేను చూసుకుంటాను. పాటలన్నీ తెలుగువే, పిల్లలు పెదవి కదపరు. మా సవర భాషలో పాడదామంటే, పాత పూజలకి తిరిగెళ్లినట్టేనని సంఘ పెద్దలు అంటున్నారు.

సలహాదారు: వందనాలమ్మా. వాళ్లతో వాదించొద్దు, వాళ్లనే అడగండి. ఒక సాయంత్రం నలుగురైదుగురు పెద్దవాళ్లను, ముసలమ్మలను తప్పకుండా, కూర్చోబెట్టి ఏ బాణీ ఎప్పుడు పాడతారో రాసుకోండి. పొలం పాటలు, పెళ్లి పాటలు, చనిపోయినవాళ్లను పిలిచే పాటలు విడివిడిగా ఉండాలి. భయమంతా ఆ మూడో రకం మీదే. దాని జోలికి వెళ్లబోమని ముందే మాటిస్తే మిగతావాటికి దారి దొరుకుతుంది. డప్పు మాట మొదటి రోజే ఎత్తకండి.

శ్రోత: తెలుగు పాటనే సవరలోకి మార్చి చూశాం. నోరు తిరగలేదు.

సలహాదారు: తిరగదమ్మా. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, ఎంతసేపైనా సాగదీయొచ్చు. సవరలో చాలా మాటలు హల్లు దగ్గర ఆగిపోతాయి, గొంతు బిగబట్టే ధ్వని కూడా ఉంది. తెలుగు బాణీలో ఇరికిస్తే మాట విరిగిపోతుంది. కాబట్టి బాణీతో మొదలుపెట్టండి. పెద్దవాళ్ల చేత పొలం బాణీ ఒకటి మాటల్లేకుండా పాడించి, ఫోన్లో రికార్డు చేయండి, వాళ్లని అడిగే సుమా. ఒక కీర్తన భావం సవరలో చెప్పి, మాటలు పిల్లల చేతే కట్టించండి. రెండు చరణాలు చాలు. నెలకి ఒక్క పాట నిలబడినా గొప్పే.

శ్రోత: రాసేది ఏ లిపిలో?

సలహాదారు: పిల్లలు బడిలో నేర్చిన తెలుగు లిపిలోనే. గొంతు ధ్వనికి మాత్రం అందరూ ఒకే గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. సవర కోసమే 1936లో మంగేయి గొమాంగో తెచ్చిన సొరంగ్ సొంపెంగ్ లిపి ఉంది గానీ, దాంతో అక్షరాలనే దైవంగా కొలిచే అక్షర బ్రహ్మ ఆరాధన ముడిపడి ఉంది. కూడికలో అదే వాడితే పెద్దల అనుమానం మళ్లీ మొదటికొస్తుంది. గిడుగు రామమూర్తి గారు 1930లలోనే సవరకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఇది రాతకి లొంగని భాషని పిల్లలతో ఎవరూ అనకుండా చూడండి.

యాంకర్: ఇంకో కాలర్.

శ్రోత: బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందని కుర్రాళ్లు భయపడుతున్నారండీ.

సలహాదారు: పోదు. మతాన్ని బట్టి హద్దు పెట్టింది 1950 నాటి ఎస్సీల ఉత్తర్వు. ఎస్టీల ఉత్తర్వులో ఆ నిబంధన లేదు. దరఖాస్తులో మతం దాచొద్దు. ఎవరైనా కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి.

శ్రోత: కందికొత్తల పండగ దగ్గర మాత్రం ఊళ్లో గొడవేనండీ.

సలహాదారు: ఆ పండగ కాకుండా కొత్త కందులు నోట పెట్టకూడదన్నది ఊరి కట్టు. మందిరంలో పంట కృతజ్ఞతా కూడిక దానికంటే ముందు పెట్టి వండి తింటే ఊరు మొత్తాన్నీ తోసిపుచ్చినట్టవుతుంది. ఊరి పండగ అయ్యాక వచ్చే ఆదివారం పెట్టుకోండి. పూజలో కూర్చోలేమని ఊరి పెద్దకి వారం ముందే, ఇంటికెళ్లి చెప్పండి. కట్టెలు, నీళ్లు, దారి బాగుచేయడం మా కుర్రాళ్లు చూస్తారని అదే మాటలో చెప్పండి. చందా పూజకి కాకుండా వంట సామానుకి ఇస్తామనండి. పండగ రోజు ఉదయం చెబితే మాత్రం ఎవరూ వినరు.