ఇరిడియం బియ్యాన్ని లాగదు

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

‘రైస్ పుల్లింగ్’ అనే మాట మీరంతా వినే ఉంటారు. పిడుగు పడిన పాత రాగి చెంబొకటి ఉందంటారు. అందులోకి ఇరిడియం అనే అరుదైన లోహం చేరిందంటారు. దగ్గర పెడితే బియ్యపు గింజలు వచ్చి అతుక్కుంటాయి, విదేశాల్లో కోట్లు పలుకుతుంది, ముందు కాస్త అడ్వాన్సు కట్టండి అంటారు. చదువుకున్నవాళ్ళు కూడా కడతారు, అదే విచిత్రం.

బియ్యానికి ముందే ఇనుప రజను పట్టిస్తారు, చెంబులో అయస్కాంతం దాస్తారు. ఆటంతా అంతే. ఇరిడియం ఇనుములా అయస్కాంతానికి అతుక్కోదు, తానూ అయస్కాంతం కాదు. పిడుగు రాగిని కరిగిస్తే కరిగించవచ్చు గానీ ఇంకో లోహంగా మార్చలేదు.

మోసం సంగతి పోలీసులు చూసుకుంటారు. మనకు కావలసింది వేరే. నిజంగా ఇరిడియం ఎదురైతే గుర్తుపట్టడం ఎలా?

ప్రకృతిలో అది ఎక్కువగా ఆస్మియం అనే మరో బరువైన లోహంతో కలిసి, వెండికీ ఉక్కుకీ మధ్య రంగులో, చిన్న చిన్న రేకుల్లా దొరుకుతుంది. చాకుతో గీస్తే గీత పడదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో 1920లలో ఏటి ఒండ్రు కడిగి ఈ రేణువులు ఏరేవాళ్ళు. ఫౌంటెన్ పెన్ను పాళీ మొన అరిగిపోకుండా దానికి వీటిని అతికేవాళ్ళు. ఇప్పటి పాళీల మీద ‘ఇరిడియం పాయింట్’ అని చెక్కి ఉన్నా అందులో ఇరిడియం ఉండటం అరుదు. మన రాజమండ్రి రత్నం పెన్ను వాడేవాళ్ళు నన్ను క్షమించాలి, ఆ పెన్ను గురించి నేనేమీ అనడం లేదు!

రంగు చూసి మాత్రం ఏదీ తేల్చకండి. బరువు చూడండి. ఇదిగో, చేపలు తూచే స్ప్రింగు కాటా, బకెట్టు నీళ్ళు. రాయికి దారం కట్టి ముందు గాలిలో తూచండి. తర్వాత అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్ళలో ముంచి తూచండి. ఎంత తగ్గిందో దానితో మొదటి బరువును భాగించండి. అదే సాంద్రత, అంటే ఆ రాయి నీటికంటే ఎన్ని రెట్లు బరువో. మామూలు గ్రానైటు ముక్క అర కిలో ఉంటే నీళ్ళలో 310 గ్రాముల దగ్గర ఆగుతుంది. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అయితే 400 పైచిలుకు. రాగి 444. ఆస్మియం, ఇరిడియం కలిసిన ముద్ద దాదాపు 475 చూపించాలి. అంటే నీటికి 20 రెట్ల సాంద్రత. చెంబునైతే లోపల గాలి బుడగ లేకుండా పూర్తిగా ముంచి తూచాలి. అర కిలో చెంబుకు 444 వస్తే అది రాగి చెంబే. ఇత్తడి అయితే ఇంకా తక్కువ వస్తుంది.

కాటా కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ రాయి ఇక్కడికెలా వచ్చింది? డెల్టాలో ఎంత తవ్వినా ఒండ్రు, ఇసుక, బంకమన్నే తప్ప కొండరాయి తగలదు. రాయి కనిపించిందంటే ఎవరో లారీలో తెచ్చి పోసి ఉంటారు. లేదా అది కొలిమి చిట్టెం. రేణువులైతే గోదావరి తెచ్చినవే. త్ర్యంబకం దగ్గర బసాల్టు రాళ్ళలో పుట్టి, పాపికొండల మధ్య తూర్పు కనుమలను కోసుకుని, 1465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. బసాల్టు నుంచి మాగ్నటైట్, ఇల్మనైట్ అనే నల్లటి ఖనిజాలు వస్తాయి. కనుమల ఖోండలైట్, చార్నొకైట్ రాళ్ళు గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలు ఇస్తాయి. ఇరిడియం ఉండే అవకాశం క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం ఉన్న రాళ్ళలో ఎక్కువ. కొండపల్లి దగ్గర క్రోమైట్ ఉన్నమాట నిజమే, కానీ ఆ కొండల నీళ్ళు గోదావరిలో కలవవు.

అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో అలలు తేలిక ఇసుకను లాక్కుపోయాక నల్లటి చారలు మిగులుతాయి. అందులోంచి గుప్పెడు ఇసుక ఆరబెట్టి కాగితం మీద పలచగా పరవండి. అయస్కాంతాన్ని పాలిథీన్ కవర్లో పెట్టి పైన ఆడించండి. కవర్ లేకపోతే ఆ పొడి వదిలించుకోవడానికి సాయంత్రం పడుతుంది. గబుక్కున ఎగిరి అతుక్కునేది మాగ్నటైట్. కదలకుండా ఉండిపోయిన నల్లవాటిలో ఎక్కువ ఇల్మనైట్, అంటే టైటానియం ఖనిజం. పాత హార్డ్ డిస్కులోంచి తీసిన బలమైన అయస్కాంతానికి అదీ లొంగుతుంది. గులాబీ రంగువి గార్నెట్లు. తేనె రంగులో గుండ్రంగా ఉన్నవి మోనజైట్ కావచ్చు. అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది, అణుశక్తి చట్టం కిందకి వస్తుంది. భూతద్దంతో చూడండి, సంచులకు ఎత్తకండి.

గోదావరి ఇసుకలో బంగారంలా మెరిసేది దాదాపు ఎప్పుడూ అభ్రకమే. గోరుతో గిల్లితే పొరలుగా ఊడుతుంది. పైరైట్ అయితే చాకుకు లొంగదు. గ్లేజు లేని టైలు వెనకవైపు గీస్తే ఆకుపచ్చ ఛాయతో నల్లటి చార పడుతుంది. బంగారం చార పసుపుగానే ఉంటుంది, నొక్కితే సొట్ట పడుతుంది.

ఈ పరీక్షలన్నిటికీ నిలబడ్డ ముక్క దొరికితే, దొరికిన చోటు, లోతు, తేదీ రాసి హైదరాబాదులోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయాన్ని అడగండి. కాటా, బకెట్టు ఇక్కడే ఉన్నాయి. రాళ్ళు తెచ్చినవాళ్ళు వరసగా ముందుకు రండి.