పిల్లల బోటు ట్యూబ్ రివ్యూ: ట్యూబ్ బాగుంది, పెట్టెలో వచ్చిన తాడు మాత్రం వాడొద్దు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తా, ఈ ట్యూబ్‌ను అమ్మేవాళ్లే నాకు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. కొలతలు, రంగులు, రేటు అన్నీ మీరు ఈపాటికే చూసుంటారు, అవి మళ్లీ చదవను. బోటు వెనక తాడుతో కట్టి లాగే గాలి ట్యూబ్ ఇది, ఇద్దరు పిల్లలు లోపల కూర్చునే మోడల్. దేవరకొండ అవతల, వైజాగ్ కాలనీ దగ్గర సాగర్ బ్యాక్‌వాటర్‌లో మా అక్క పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చూశాను. పర్మిషన్ ఉన్న బోటు, ఆ నీళ్లు బాగా తెలిసిన డ్రైవర్.

ట్యూబ్ గురించి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే అది నిజంగా బాగుంది. మేము చిన్నప్పుడు పంక్చర్ షాపులో లారీ ట్యూబ్ అడుక్కుని కాలువలో వేసుకునేవాళ్లం. దాని వాల్వ్ పిన్ను కడుపుకు గీసుకుని ఎర్రగా చారలు పడేవి. ఇందులో ఆ బాధ లేదు. వాల్వ్ మూత కింద దాగి ఉంది, పైన మందపాటి నైలాన్ కవర్ ఉంది, హ్యాండిళ్ల దగ్గర పిల్లల వేళ్లు ఒరుసుకుపోకుండా మెత్తటి ప్యాడ్ కుట్టారు. పడుకునే మోడల్ కన్నా ఈ కూర్చునే మోడలే చిన్నపిల్లలకు నయం. గాలి మాత్రం గట్టిగా కొట్టండి. గాలి తక్కువైతే ట్యూబ్ నీళ్లలోకి కుంగుతుంది, తాడు మీద లాగుడు పెరుగుతుంది.

ఇక తాడు. అసలు ఈ వీడియో తాడు కోసమే చేస్తున్నా అనుకోండి.

పెట్టెలో ట్యూబ్‌తో పాటు ఒక తాడు పెట్టారు. కొత్తగా మెరుస్తోంది, చేతికి గట్టిగానే ఉంది. కానీ దాని మీద ట్యాగ్ లేదు, ఎంత బలానికి ఆగుతుందో ఎక్కడా రాసి లేదు. అమెరికాలో వాటర్ స్పోర్ట్స్ ఇండస్ట్రీ అసోసియేషన్ లెక్క ప్రకారం ఒక్కరు కూర్చునే ట్యూబ్‌కు తాడు తెగే బలం కనీసం 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు ఉండాలి. ఇద్దరికైతే 2,375 పౌండ్లు, దాదాపు 1,077 కిలోలు. ఇద్దరు పిల్లలూ కలిపి 50 కిలోలు లేరు, అంత తాడెందుకు అనిపిస్తుంది. అల దిగి లేచేటప్పుడు తాడు ఒకసారి వదులై, మళ్లీ టక్కున బిగుసుకుంటుంది. ఆ గుంజుడు పిల్లల బరువుకు ఎన్నో రెట్లు. అప్పుడు తెగిందంటే, సాగి ఉన్న తాడు కొరడాలా వచ్చి బోటులో ఉన్నవాళ్లకో పిల్లలకో తగులుతుంది.

ఇంకోటి చూడండి. ఇదిగో బకెట్. ఆ తాడు చివర జానెడు ముక్క కోసి నీళ్లలో వేస్తున్నా. చూస్తున్నారా? పోగుల్లోంచి చిన్న చిన్న బుడగలు వచ్చాయి, ముక్క అడుగుకు పోయింది. ఇది నైలాన్. నైలాన్ నీటికన్నా బరువు. ఇప్పుడు నేను విడిగా కొన్న పాలీప్రొపిలీన్ తాడు ముక్క. వేలితో అడుగుదాకా నొక్కి వదులుతున్నా... మళ్లీ పైకే వచ్చింది.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనకండి. పిల్లవాడు ట్యూబ్ మీంచి జారి పడ్డాడనుకోండి. బోటు స్లో చేసి వెనక్కి తిప్పాలి. ఆ సమయంలో తాడు వదులవుతుంది. తేలే తాడైతే నీటి మీద కనిపిస్తూ ఉంటుంది, డ్రైవర్ తప్పించుకుని వస్తాడు. మునిగే తాడు బోటు కిందికి పోయి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. బోటు పిల్లవాడి దగ్గరికి పోవాల్సిన సమయంలోనే ఇంజన్ పట్టేస్తుంది. పిల్లవాడి కాళ్లకు చుట్టుకున్నా ప్రమాదమే. పొడవు కూడా తక్కువ. 50 అడుగులకు తగ్గకుండా, 65 దాటకుండా ఉండాలి. పెట్టెలోది 30 అడుగులు ఉంటుందేమో. అంత దగ్గరైతే బోటు లేపే అలల్లోనే, పెట్రోల్ ఇంజన్ పొగలోనే పిల్లలు కూర్చోవాలి. పిల్లలు ఎక్కే వస్తువుకు ఇలాంటి తాడు ఎలా పెట్టారో నాకు అర్థం కాలేదు, కోపం కూడా వచ్చింది. ఆ తాడుతో పిల్లల్ని ఒక్కసారి కూడా లాగలేదు. మీరు చూసిన రైడ్ అంతా నేను కొన్న తాడుతోనే.

జాకెట్ విడిగా కొనాలి. మన ఊళ్లలో మోటబావిలో నడుముకు బెండ్లు, ఎండిన సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పేవాళ్లు. పక్కన పెద్దవాళ్లు ఉండి పట్టుకునేవాళ్లు కాబట్టి సరిపోయింది. వేగంగా పోయే ట్యూబ్ మీంచి పడ్డప్పుడు నడుము తేలితే చాలదు, తల తేలాలి. పెద్దల జాకెట్ బెల్టు బిగించి పిల్లలకు వేయొద్దు. పిల్లల బరువు చూసి కొనండి. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. జాకెట్ లేచి గదవ, చెవులు అందులోకి దిగితే అది ఆ పిల్లకు పెద్దది. మా మేనకోడలికి మొదట వేసింది అలాగే చెవులదాకా లేచింది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది తెచ్చాక కదల్లేదు.

బోటులో డ్రైవర్ కాకుండా ఇంకొకరు వెనక్కి తిరిగి కూర్చుని పిల్లల్నే చూస్తూ ఉండాలి. ఫోన్‌లో వీడియో తీసే మనిషి వేరు, చూసే మనిషి వేరు. మేము ముందే సైగలు అనుకున్నాం: బొటనవేలు పైకి అంటే స్పీడు, కిందికి అంటే స్లో, చెయ్యి గొంతు మీద అడ్డంగా పెడితే ఆపు. మా మేనల్లుడు రెండోది ఎక్కువగా చూపించాడు, వాడు అడిగినంత నెమ్మదిగానే పోయాం. పిల్లలకు గంటకు 15 మైళ్లు దాటొద్దని ట్యూబ్ మీదే రాసి ఉంది, అంటే 24 కిలోమీటర్లు. మేము అందులో సగం కూడా పోలేదు, అయినా పిల్లల కేకలు ఒడ్డుదాకా వినిపించాయి. ముఖ్యంగా మలుపులో జాగ్రత్త. బోటు మామూలుగానే తిరుగుతుంది, బయటివైపు ట్యూబ్ మాత్రం బోటును మించిన స్పీడుతో విసురుకుంటుంది. ఇద్దరు పిల్లల తలలు గుద్దుకునేది అక్కడే. పడ్డ పిల్లల్ని ఎక్కించుకునేటప్పుడు ఇంజన్ న్యూట్రల్‌లో పెడితే సరిపోదు, పూర్తిగా ఆఫ్ చేయించండి.

సాగర్‌లో ఇంకో సంగతి ఉంది. నిండితే నీటిమట్టం సముద్ర మట్టానికి 590 అడుగులు. నీళ్లు దిగుతున్న కొద్దీ మునిగిన చెట్ల మోడులు, రాళ్లు పైకి దగ్గరవుతాయి, కానీ పైనుంచి కనిపించవు. దానికి తోడు జాలర్ల వలలు. బెండ్లు వరుసగా కనిపిస్తే అటు పోనే వద్దు. సోమశిల వైపు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లోనూ అంతే. మా డ్రైవర్ ముందు ఖాళీ బోటుతో ఆ దారంతా ఒకసారి తిరిగొచ్చాడు, ఆ తర్వాతే పిల్లల్ని ఎక్కించాం.

ట్యూబ్ వరకు నాకు బాగా నచ్చింది, మా అక్క పిల్లల కోసం ఇంకోటి నా డబ్బుతో కొంటా. తాడు సంగతి పంపినవాళ్లకు బకెట్ వీడియోతో సహా పంపాను. తేలే తాడు, దాని మీద బలం రాసిన ట్యాగ్ పెట్టెలో పెట్టేదాకా ఈ కాంబో లింక్ నా ఛానల్లో ఉండదు. ట్యూబ్ ఒక్కటే అమ్మే లింక్ కింద పెడుతున్నా.