సర్వే నంబరు కొడితే కాగితం కూడా రావాలా?

యాంకర్: నమస్కారం. 2020 అక్టోబరు 29న తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్లోని పేరు, బీరువాలోని కాగితం ఒకేసారి కనిపించే సెర్చ్ సాధ్యమేనా? అందరికీ సమాన సమయం ఇస్తాను. ఒక్క క్లిక్‌లో అవుతుందా?

సాఫ్ట్‌వేర్ నిపుణుడు: అవుతుందండీ, ఇది పాత పనే. డేటాబేస్‌లో పట్టాదారు పేరు, ఖాతా, విస్తీర్ణం ఉంటాయి. దస్తావేజు స్కాన్ ఫైలుగా వేరేచోట ఉంటుంది. టికా అనే ప్రోగ్రామ్‌తో ఫైల్లోని అక్షరాలు తీసి, రెండింటికీ ఒకే ఐడీ ఇచ్చి, సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి సెర్చ్ ప్రోగ్రామ్‌లో వేస్తే...

విశ్రాంత తహశీల్దారు: ఏ అక్షరాలు బాబూ? 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ ఉర్దూలో ఉంటుంది. సాదాబైనామా అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద చేత్తో రాసుకున్న అమ్మకం కాగితం.

నిపుణుడు: బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ ఉంది కదా సార్.

తహశీల్దారు: చేతిరాతకా?

నిపుణుడు: నన్ను పూర్తి చేయనివ్వండి! అచ్చయిన తెలుగును టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్ చదువుతుంది. చేతిరాతకైతే గ్రామం, సర్వే నంబరు, తేదీ మనమే ఎక్కిస్తే చాలు, ఫైలు దొరుకుతుంది.

యాంకర్: అంటే ఒక్క క్లిక్!

తహశీల్దారు: ఎవరు ఎక్కిస్తారు? ఆఫీసులో ఉన్న ఒక్క ఆపరేటరేనా?

న్యాయవాది: అసలు క్లిక్ చేసేదెవరు? దస్తావేజులో ఆధార్, ఫోటో, వేలిముద్ర ఉంటాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం...

నిపుణుడు: ఆధార్ గడిని, అదే ఫీల్డ్‌ను, సెర్చ్ వెతికే జాబితా అయిన ఇండెక్స్‌లో పెట్టకండి మేడమ్, అయిపోయింది.

న్యాయవాది: పేజీ మధ్యలో రాసినదానికి ఫీల్డ్ ఎక్కడిది?

నిపుణుడు: పన్నెండు అంకెల వరుస కనిపిస్తే చెరిపేయడమే.

న్యాయవాది: ఓసీఆర్ ఒక అంకెను అక్షరంగా చదివితే? మిగతా పదకొండూ బయటపడతాయి.

యాంకర్: మేడమ్, రైతు కోణం మరచిపోవద్దు. ఒక్క క్లిక్...

తహశీల్దారు: రైతు కోణమే చెబుతున్నా. 145/అ అని కొడితే 145/ఆ కూడా వస్తే? ఆ దీర్ఘం దగ్గరే అన్నదమ్ములు కోర్టులకెక్కుతారు.

నిపుణుడు: మంచి పాయింట్, నేనే చెప్పబోతున్నా. మాటలను ముక్కలు చేసే మామూలు టోకెనైజర్ గీత (/) దగ్గర నంబరును విరిచేస్తుంది. కాబట్టి సర్వే నంబరును విరవకుండా ఒకే ముక్కగా ఉంచాలి. పాత సోలర్‌లో డేటాబేస్‌నూ ఫైళ్లనూ కలిపి లాగే డేటా ఇంపోర్ట్ హ్యాండ్లర్ ఉండేది, 9వ వెర్షన్‌లో తీసేశారు. ఎలాస్టిక్‌సెర్చ్ కంపెనీ 2021లో లైసెన్సు మార్చింది, అప్పుడు దాని పాత కోడ్‌తో అమెజాన్ ఓపెన్‌సెర్చ్...

యాంకర్: అమెజాన్ మన భూములు చూస్తుందా?

నిపుణుడు: అయ్యో, అది కాదండీ! ప్రోగ్రామ్ మాత్రమే. మన సర్వర్లోనే పెట్టుకోవచ్చు.

న్యాయవాది: మ్యుటేషన్, అంటే యజమాని పేరు మార్పు సంగతి చెప్పండి. డేటాబేస్ వరుసలో పేరు మారింది, ఫైలు మారలేదు. ఇండెక్స్‌లో పాత యజమానే ఉంటే?

నిపుణుడు: పేరు మారిన క్షణంలో ఆ డాక్యుమెంటును మళ్లీ ఇండెక్స్ చేయాలి. ఫైలును మళ్లీ చదవక్కర్లేదు, తీసిన అక్షరాలు దాచి ఉంచుకుంటే.

తహశీల్దారు: ఆ క్షణంలో సర్వర్ డౌన్ అయితే?

నిపుణుడు: ఆ పని క్యూలో ఆగి ఉంటుంది, సర్వర్ రాగానే జరుగుతుంది సార్! నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా. ఒకే ఐడీ, ఒకే ఇండెక్స్, ఒకే...

యాంకర్: ఒకే క్లిక్! మొత్తానికి అవుతుందని తేలింది.

న్యాయవాది: ఎక్కడ తేలింది? ఆధార్...

తహశీల్దారు: ఖాస్రా...

యాంకర్: బ్రేక్ తర్వాత నిపుణుడు గారు లైవ్‌లో డెమో చూపిస్తారు.