గోడకీ గట్టుకీ మధ్య సందు

అందరికీ నమస్కారం.

వంటగది టైల్స్ ఎంత నీట్‌గా వేసినా, గోడ టైల్స్ గట్టును తాకే చోట కొన్నాళ్లకి సన్నటి చీలిక కనిపిస్తుంది. ఇంటాయన మేస్త్రీని తిడతాడు. మేస్త్రీ వచ్చి మళ్లీ గ్రౌట్, అంటే టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద, రుద్దిపోతాడు. మళ్లీ పగులుతుంది. గ్రౌట్‌లో లోపమేమీ లేదండీ, దాన్ని అక్కడ వాడటమే తప్పు.

గోడ దారి గోడది, గట్టు దారి గట్టుది. గట్టు కింద చెక్క కప్‌బోర్డులుంటే అవి తేమకి ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. పైన మనం బరువులు పెడతాం, దంచుతాం. వెంట్రుకవాసి కదిలినా చాలు, సిమెంట్ గ్రౌట్ సాగదు కనుక విరుగుతుంది. సిమెంట్ బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అయితే ఆగదా అంటారు. అందులోకి నీళ్లు ఇంకవు, నిజమే. సాగే గుణం మాత్రం దానికీ లేదు. అక్కడ కావలసింది ట్యూబులో వచ్చే, ఆరాక రబ్బరులా సాగే సిలికాన్.

అందుకే కింది వరుస టైల్స్‌ని గట్టుకి ఆనించకుండా సుమారు 3 మి.మీ. సందు వదలమని ముందే చెప్పండి. గోడంతా గ్రౌట్ పట్టించేటప్పుడు ఆ సందులో పడితే తడి మీదే గీకేయాలి.

సిలికాన్‌లోనూ రకాలున్నాయి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే రకం నుంచి అసిటిక్ ఆమ్లం వస్తుంది, పాలరాయికి అది పడదు. రాతి గట్టుకి న్యూట్రల్ క్యూర్ (ఆరేటప్పుడు ఆ ఆమ్లం వదలని రకం) అని రాసి ఉన్నదే తీసుకోండి. యాక్రిలిక్ ట్యూబు పూయడం తేలికే, కానీ ఆరాక కుదించుకుపోతుంది. సింకు పక్కన నేనైతే దాని జోలికి పోను.

పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. బ్లేడుతో మొత్తం తీసేసి, ఆల్కహాల్ అద్దిన గుడ్డతో జిడ్డు తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. సగం పని ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే.

తర్వాత సందుకి పైనా కిందా మాస్కింగ్ టేప్ అతికించండి. నాజిల్ కొనని ఏటవాలుగా, సందు వెడల్పుకి తగినంతే కోయండి. పెద్దగా కోస్తే ఇక అదుపుండదు. ట్యూబు బిగించిన గన్ నొక్కుతూ ఆ చివర నుంచి ఈ చివరకి ఆగకుండా లాగండి. సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒకే ఒక్కసారి నునుపు చేయండి. పదే పదే రుద్దితే చెడుతుంది. సబ్బునీళ్లు సిలికాన్ వేయకముందు సందులో పడకూడదు, పడితే పట్టు పోతుంది. నునుపు చేసిన వెంటనే టేప్ లాగేయండి. పది నిమిషాలు ఆలస్యమైతే పైన పొర కడుతుంది, టేప్‌తో పాటు అంచు కూడా చిరిగి లేస్తుంది. తర్వాత కనీసం 24 గంటలు దానిమీద నీళ్లు పడనివ్వకండి.

రంగు విషయంలో నా ఓటు గ్రౌట్ రంగుకే. తెల్లది వేస్తే పొయ్యి వెనక జిడ్డంతా దానిమీదే కనిపిస్తుంది.

గోడ వంకరగా ఉండి సందు ఒకవైపు మరీ వెడల్పయితే, ముందు లోపలికి ఫోమ్ రాడ్ (తాడులా ఉండే మెత్తటి ఫోమ్ ముక్క) దూర్చి దానిమీద సిలికాన్ వేయండి. అప్పుడది వెనక అంటుకోకుండా టైల్‌నీ గట్టునీ మాత్రమే పట్టుకుని, హాయిగా సాగుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.