అద్దానికి ఎన్ని రెక్కలు?

హోస్ట్: అన్నా, సొంతంగా చేసుకుంటున్న టెలిస్కోప్‌కి 8 అంగుళాల అద్దం వచ్చింది, ట్యూబూ రెడీ. ట్యూబ్ మధ్యలో చిన్న సెకండరీ అద్దాన్ని సన్నటి రెక్కలతో పట్టుకునే చట్రం, అదే స్పైడర్ దగ్గరే ఆగిపోయాను. మూడు రెక్కలా, నాలుగా, వంపు తిరిగినదా?

గెస్ట్: ముందు ఏం చూస్తావో చెప్పు.

హోస్ట్: గురుడు, శని. కూకట్‌పల్లి మేడ మీద ఇంకేం కనిపిస్తాయి!

గెస్ట్: (నవ్వు) అదీ నిజమే. చూడు, రెక్క అంచు తగిలిన వెలుతురు దానికి అడ్డంగా రెండు వైపులా పాకుతుంది. అందుకే మూడు రెక్కలకు చుక్క చుట్టూ ఆరు వెలుగు గీతలు. నాలుగు రెక్కలకు ఎనిమిది రావాలి కదా? ఎదురెదురు రెక్కలవి ఒకదానిమీద ఒకటి పడి నాలుగే కనిపిస్తాయి. హబుల్ ఫొటోల్లో చుక్కలకు నాలుగు కొమ్ములు అందుకే.

హోస్ట్: వంపుదైతే గీతలే ఉండవంటారు.

గెస్ట్: ఉండవు. మరి ఆ వెలుతురు ఎటు పోతుంది? కాలితో ముగ్గు చెరిపితే పిండి మాయమవుతుందా, వాకిలంతా అంటుకుంటుంది. ఇదీ అంతే, గ్రహం చుట్టూ పలచగా పరుచుకుంటుంది.

హోస్ట్: ఎంత నష్టం?

గెస్ట్: నీ అద్దం 200 మిల్లీమీటర్లు, సెకండరీ 50. ఒక్కో రెక్క 75 పొడవు, 0.8 మందం అనుకో. నాలుగూ కలిసి 240 చదరపు మిల్లీమీటర్లు, అంటే అద్దంలో ఒక శాతం కూడా మూయవు. సెకండరీ ఒక్కటే ఆరు శాతం పైగా మూస్తుంది. అసలు తలనొప్పి రెక్కల ఊగులాటతోనే. సోకుకు పోయి మొదట వంపుదే చేశాను, రాణిగంజ్‌లో అల్యూమినియం పట్టీ కొని. నడినెత్తిన చూస్తే బాగానే ఉంది. ట్యూబ్ వాల్చి శని మీదికి తిప్పేసరికి అద్దం బరువుకు పట్టీ ఒరిగి కాలిమేషన్, అంటే అద్దాల అమరిక, పోయింది. ఆ రాత్రి అనంతగిరిలో చూసిందేమీ లేదు, స్క్రూలు తిప్పడమే! వంపు రెక్కను లాగి బిగించలేం మరి.

హోస్ట్: అయితే నాలుగేనా?

గెస్ట్: నాలుగే. మూడు తప్పని కాదు, అద్దాన్ని మధ్యకు తేవడం విసుగు, అంతే. పలచటి స్టీలు పట్టీలు తీసుకుని తంబురా తీగల్లా లాగి బిగించు. ఎదురెదురు రెక్కలను ఒకే గీతలో కాకుండా కాస్త పక్కకు జరిపి బిగిస్తే అద్దం మెలి తిరగదు. సమాంతరంగా ఉన్నంతవరకు గీతలు నాలుగే.

హోస్ట్: బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో ఒకప్పుడు వాడిన ఆ 15 అంగుళాల గ్రబ్ కంపెనీ దూరదర్శినికి ఈ గొడవే లేదు కదా!

గెస్ట్: అది కటకాలది, సెకండరీ అద్దమే అక్కర్లేదు, అదృష్టవంతురాలు. నువ్వు రాణిగంజ్ వెళ్లు. ఆదివారం మాత్రం వద్దు, సగం షట్టర్లు దించే ఉంటాయి.