కాలువ కట్టే తేదీ, టవర్ ఆగే తేదీ

శ్రోతలకు నమస్కారం.

మన గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం దగ్గర నీరు ఏ రోజు ఆపుతారో అధికారులు ముందుగానే ప్రకటిస్తారు. ఆ తేదీ తెలియగానే ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకుంటారు, దాళ్వా (రెండో పంట) రైతులు చివరి తడి సంగతి చూసుకుంటారు, పూడిక తీతకూ లాకుల మరమ్మతుకూ మనుషులు సిద్ధమవుతారు. కాలువ ఎండిపోయిందని ఎవరూ కంగారుపడరు, ఎందుకంటే అది ఎందుకు ఎండిందో, నీరు మళ్లీ ఎప్పుడు వస్తుందో ఊరందరికీ తెలుసు. కొన్ని నెలలుగా మా ప్రాంతంలో ఒక మొబైల్ సంస్థ తన నెట్‌వర్క్‌ను కొత్త తరానికి, అంటే 5జీకి, మారుస్తున్న తీరు చూస్తున్నప్పుడల్లా నాకు ఈ కాలువల పద్ధతే గుర్తుకొస్తోంది. పని మంచిదే, జరగవలసిందే. అయితే ఏ ఊళ్లో ఏ రోజు సిగ్నల్ ఆగుతుందో, ఎన్నాళ్లు బలహీనంగా ఉంటుందో మాకెవరూ చెప్పలేదు.

మా అక్కగారిది పి.గన్నవరం దిగువన ఒక లంక ఊరు. ఆవిడ కూతురు కువైట్‌లో పనిచేస్తోంది. ఇదివరకు రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో కూర్చునే వీడియో కాల్‌లో మాట్లాడుకునేవారు. మార్పు పనులు మొదలైన దగ్గర నుంచి ఆవిడ సాయంత్రం పూట ఏటిగట్టు ఎక్కి, రావిచెట్టు పక్కన నిలబడి మాట్లాడవలసి వచ్చింది. ఒకటో తారీఖున నేను అక్కడే ఉన్నాను. పింఛన్లు ఇవ్వడానికి వచ్చిన సచివాలయం అమ్మాయి ఒక ఇంటి అరుగు మీద కూర్చుని వేలిముద్ర యంత్రం పెట్టింది. "మామ్మగారూ, ఇంకొక్కసారి వేలు పెట్టండి" అని నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ తెర మీద చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. చివరికి ఎనభై ఏళ్లు దాటిన ఆ పెద్దావిడను చెయ్యి పట్టుకుని గట్టు మీదికి నడిపించి, అక్కడ వేలిముద్ర తీసుకుని డబ్బు చేతిలో పెట్టింది. గట్టు మెట్లు దిగుతున్నప్పుడు ఆ పెద్దావిడ కాళ్లు వణికాయి. ఆ దృశ్యం చూసిన తరువాతే ఈ విషయం గురించి తెలుసుకుని మీతో మాట్లాడాలనుకున్నాను.

సిగ్నల్ ఇలా ఎగుడుదిగుడుగా ఎందుకు ఉంటుందో చెబుతాను. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. కొత్త తరం సేవలకు గాలిలో చోటు కావాలి, ఆ చోటునే స్పెక్ట్రమ్ అంటున్నాం. కొన్నిసార్లు సంస్థలు కొత్తగా కొన్న స్పెక్ట్రమ్‌ను వాడతాయి, కొన్నిసార్లు పాత సేవలకు వాడుతున్న దానిలోంచే కొంత తీసి కొత్త వాటికి ఇస్తాయి. అలా తీసినప్పుడు పాత ఫోన్లు ఉన్నవారందరూ ఇరుకైన కాలువలో సర్దుకోవలసి వస్తుంది, వారికి వేగం పడిపోతుంది. పక్క ఇంట్లో కొత్త ఫోను ఉన్న కుర్రవాడికి మాత్రం అదే గంటలో సినిమా ఆగకుండా నడుస్తుంది. ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇద్దరికి రెండు రకాల నెట్‌వర్క్ ఉన్నట్టు తోచడానికి ఇదొక ముఖ్య కారణం.

తరంగాల స్వభావం కూడా ఇందులో ఉంది. 700 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాలు (ఫ్రీక్వెన్సీలు) దూరం వెళతాయి, గోడలను బాగా దాటుతాయి, కానీ ఎక్కువ డేటా మొయ్యలేవు. 3,300 మెగాహెర్ట్జ్ వంటి ఎక్కువ పౌనఃపున్యాలు డేటాను వరదలా మోస్తాయి, కానీ దూరం తగ్గిపోతుంది, అడ్డం వచ్చిన వాటి దగ్గర నీరసిస్తాయి. మన కోనసీమలో అడ్డం వచ్చేవి కొబ్బరి తోటలు. వాన వెలిసిన తరువాత తడిసిన కొబ్బరి మట్టల గుండా ఈ తరంగాలు మరింత బలహీనపడతాయి. అమలాపురం బజారులో పరుగులు తీసే ఇంటర్నెట్ తోట మధ్యలో ఉన్న పెంకుటింట్లో ఆగిపోవడానికి ఆ ఇంటివారి ఫోను కారణం కానక్కరలేదు.

ఫోను మీద గీతలు నిండుగా ఉన్నా ఇంటర్నెట్ కదలడం లేదని చాలామంది అంటారు. ఆ గీతలు టవర్‌కూ మన ఫోనుకూ మధ్య సిగ్నల్ ఎంత బలంగా ఉందో మాత్రమే చూపిస్తాయి. టవర్ నుంచి వెనక్కి, సంస్థ ప్రధాన కేంద్రం వైపు వెళ్లే దారి సంగతి వాటికి తెలియదు. ఆ దారి ఫైబర్ కేబుల్ అయితే ఎంత డేటానైనా మోస్తుంది. ఏటి పాయలు దాటి కేబుల్ వెయ్యడం కష్టమైన చోట్ల టవర్ నుంచి టవర్‌కు మైక్రోవేవ్ డిష్‌ల ద్వారా పంపుతారు. టవర్ పైన కొత్త పరికరం పెట్టి, వెనుక దారిని పాతదే ఉంచితే, పెద్ద తూము పెట్టి పంటబోదెను వెడల్పు చెయ్యనట్టే అవుతుంది. సాయంత్రం ఆరు దాటి అందరూ ఫోన్లు పట్టుకునే వేళకు శివారు భూములకు నీరందని పరిస్థితే వస్తుంది.

మన డెల్టాలో దీని బరువు వినోదంతో ఆగదు. రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ఆ వేళ కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే గంటల్లో పంట పోతుంది. అందుకే చాలామంది రైతులు కరెంటు పోగానే ఫోనుకు కబురు పంపే పరికరాలూ, ఇంటి నుంచే మోటారు వేసే మొబైల్ స్టార్టర్లూ పెట్టుకున్నారు. వీటిలో పాత 2జీ సిగ్నల్ మీద పనిచేసేవి ఎన్నో ఉన్నాయి. ఆ సిగ్నల్ చెప్పకుండా తగ్గితే పరికరం మౌనంగా ఉండిపోతుంది, రైతు నిద్రలేచేసరికి రొయ్యలు తేలి ఉంటాయి. 1996 నవంబరు 6 తుపాను తరువాత మా బంధువుల క్షేమం తెలియడానికి రోజులు పట్టిన సంగతి నాకింకా గుర్తుంది. 2022 జులై వరదల్లో లంకల వారు పడవ కోసం ఫోను మీదే ఆధారపడ్డారు. ఈ పాతికేళ్లలో వచ్చిన ఆ ఆసరా మీద మాకు చాలా నమ్మకం ఉంది. అందుకే కొత్త సిగ్నల్ శివారు ఊరిదాకా చేరిందని పరీక్షించి చూసిన తరువాతే అక్కడి పాత సిగ్నల్‌ను తగ్గించాలని గట్టిగా అడుగుతున్నాను. మంచినీటి చెరువు నింపకుండా కాలువ కట్టెయ్యడం మన దగ్గర ఎవరూ ఒప్పుకోరు.

వినియోగదారులకు ఉన్న దారులు కూడా చెబుతాను. మీ ఫోను నుంచి 198కి చేస్తే అది మీ సంస్థ ఫిర్యాదుల కేంద్రానికి వెళుతుంది, ఫిర్యాదు సంఖ్య తప్పకుండా అడిగి రాసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఎక్కడ ఏ తరం సేవ అందుతోందో చూపే పటాలను సంస్థలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలి. మీ ఊరు ఆ పటంలో రంగు నింపి ఉండి, ఇంట్లో సిగ్నల్ లేకపోతే ఆ మాటే ఫిర్యాదులో చెప్పండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో వేగం కొలవవచ్చు. పాత సిమ్ కార్డు, 4జీలో మాట్లాడే వీలైన వోల్టీ (VoLTE) సెట్టింగ్ ఆపి ఉండడం వంటి చిన్న కారణాలను కూడా ముందుగా చూసుకోవడం మంచిది.

మా అక్కగారింట్లో మేము పదిహేను రోజులు ఒక నోటుపుస్తకంలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేగం ఎంతో, కాల్ ఎన్నిసార్లు తెగిందో రాశాం. ఆ వివరాలతో ఫిర్యాదు చేసిన తరువాత ఇద్దరు సాంకేతిక సిబ్బంది వచ్చారు. కొత్త యాంటెన్నా బిగించినప్పుడు దాన్ని కిందికి ఎక్కువగా వంచారని, అందువల్ల సిగ్నల్ ఏటి ఇవతలే పడిపోతోందని వారు గుర్తించారు. టవర్ ఎక్కి ఆ వంపు సరిచేశాక, కిందనున్న అబ్బాయి అక్కగారి వంటగదిలో నిలబడి, "అమ్మగారూ, ఇప్పుడు ఫోన్ చేసి చూడండి" అన్నాడు. కువైట్‌లో ఉన్న అమ్మాయి రెండో రింగుకే ఎత్తింది.

ఇప్పుడు ఇంట్లో మాటలు తెగడం లేదు. రాత్రిపూట వీడియో మాత్రం ఇంకా ఆగుతోంది, ఎందుకంటే ఆ టవర్‌కు వెనుక దారి ఇప్పటికీ డిష్ ద్వారానే ఉంది. ఫైబర్ కేబుల్ కాలువ గట్టు వెంట లాకుల దాకా వచ్చింది, ఏటి పాయ దాటవలసి ఉంది. అది ఎప్పుడు దాటుతుందో తేదీ చెప్పమని అడుగుతూ మొన్న సోమవారం మళ్లీ 198కి ఫోన్ చేసి, కొత్త ఫిర్యాదు సంఖ్యను అదే నోటుపుస్తకంలో రాసుకున్నాను.