అడిగిన పిల్లలు, అడగలేని పసికందులు

అందరికీ నమస్కారం.

పిల్లల వార్డులో పనిచేయబోయే మీరు ల్యూప్రోలైడ్ అనే ఇంజెక్షన్‌ను తప్పకుండా చూస్తారు. ఆరేడేళ్లకే ఆడపిల్లలో పెద్దమనిషి అయ్యే లక్షణాలు మొదలైతే, ఎముకలు తొందరగా ముదిరి ఎదుగుదల ఆగిపోకుండా, ఈడును కొన్నాళ్లు ఆపడానికి దీన్ని ఇస్తారు. నెలకోసారి, లేదంటే మూడు నెలలకోసారి. మానేస్తే ఈడు మళ్లీ మామూలుగా వస్తుంది.

అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 2023 మార్చిలో ఒక చట్టం చేసింది. పుట్టినప్పుడు రాసిన లింగం తనది కాదని చెప్పే పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా ఇదే మందు ఇవ్వకూడదు. హార్మోన్లు, ఆపరేషన్లు కూడా కుదరవు. ఇలాంటి చట్టం 2021లో ఆర్కాన్సాలో మొదలైంది. అక్కడి గవర్నర్ ఏసా హచిన్సన్ ఇలాంటి చట్టాలను బలపరిచే రిపబ్లికన్ పార్టీ మనిషే. అయినా బిల్లును వీటో చేశారు. ఇప్పటికే మందు వాడుతున్న పిల్లలకు మినహాయింపు లేకపోవడం ఆయన్ని బాధపెట్టింది. మర్నాడే చట్టసభ ఆ వీటోను కొట్టేసింది. అలబామా, ఐడాహోల్లో అయితే డాక్టర్‌కు పదేళ్ల వరకు జైలు. 2025 జూన్ 18న అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో టెనెసీ చట్టాన్ని సమర్థించింది.

ఈ చట్టాలు చేసినవాళ్లకు ఈ మందుల మీద ఉన్న భయం ఉత్తదే అని నేను అనను. ఈ మందుల విషయంలో ఆధారాలు బలహీనంగా ఉన్నాయని 2024లో ఇంగ్లండ్‌లో డాక్టర్ హిలరీ కాస్ నివేదిక చెప్పింది. స్వీడన్ కూడా 2022లో వీటిని బాగా తగ్గించింది. కాకపోతే స్వీడన్‌లో ఆ పని ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలతో జరిగింది. ఒక్కో బిడ్డనూ చూసి నిర్ణయించే వీలు డాక్టర్‌కు మిగిలింది. నాకు ఆ దారే సరైనదనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ అమెరికా చట్టాల్లోని ఒక మినహాయింపు. పుట్టుకతో జననాంగాలు ఆడో మగో తేలనట్టు ఉన్న ఇంటర్‌సెక్స్ బిడ్డలకు ఆపరేషన్ చేయొచ్చట. పదిహేనేళ్ల పిల్ల నోరు తెరిచి అడిగితే వయసు చాలదన్నారు. అసలు మాటే రాని చంటిబిడ్డ మీద మాత్రం కత్తి పెట్టనిచ్చారు. ఆ కోతతో స్పర్శ పోవచ్చు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు పడొచ్చు. పెద్దయ్యాక ఆ బిడ్డ 'నేను ఒప్పుకోలేదే' అంటే ఎవరు జవాబు చెప్తారు?

మన పక్కనే తమిళనాడు ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్, తల్లిదండ్రుల సమ్మతి బిడ్డ సమ్మతి కాదని తేల్చారు. అది నిజానికి ఒక పెళ్లి రిజిస్ట్రేషన్ కేసు! ఆ ఏడాది ఆగస్టులోనే ప్రభుత్వం జీవో ఇచ్చింది. ప్రాణాపాయం ఉంటే తప్ప పసిపిల్లలకు అలాంటి ఆపరేషన్ చేయకూడదు.

ప్రాణాపాయం అనే మాట మీరు బాగా పట్టుకోవాలి. అడ్రినల్ గ్రంథి లోపంతో పుట్టిన కొందరు బిడ్డలకు ఒంట్లో ఉప్పు నిలవదు. మందు పడకపోతే వారాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందు వెంటనే ఇవ్వాలి. మూత్రం పోకపోతే దానికి చేయాల్సిన చికిత్సకూ ఆగకూడదు. చూడటానికి ఆడపిల్లలా ఉండాలని చేసే ఆపరేషన్‌కు అలాంటి తొందర లేదు. కానీ బాలింత అప్పటికే భయపడిపోయి ఉంటుంది, బయట చుట్టాలు "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని అడుగుతూ ఉంటారు, ఎవరో సంతకానికి కాగితం తెస్తారు. ఆ సమయంలో ఆమె పక్కన నిలబడి, "ఇది ఇప్పుడే చేయకపోతే బిడ్డ ప్రాణానికి ప్రమాదమా, సార్?" అని మీరు అడగండి.